విల్ రోజర్స్‌ను కంచులో నిలపడం: ఒక కౌబాయ్ కళాకారుడి రూపశిల్పం తయారుచేసే విధానం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో, ప్రతినిధుల సభలోకి వెళ్ళే ద్వారానికి దగ్గరగా, విల్ రోజర్స్ కంచు విగ్రహం నిలబడి ఉంటుంది. ఓక్లహోమా రాష్ట్రం తరఫున 1939లో అక్కడికి చేరిన ఆ విగ్రహాన్ని జో డేవిడ్‌సన్ రూపొందించారు. 1931లో లండన్‌లో గాంధీజీ ముఖాన్ని ఎదురుగా కూర్చుని మట్టిలో మలచిన శిల్పి ఆయనే. లాసో తాడు తిప్పి ఖండఖండాల ప్రేక్షకులను మురిపించిన కౌబాయ్ విగ్రహం కదా అని దగ్గరకు వెళ్ళి చూస్తే, నెత్తిన టోపీ కనిపించదు, చేతిలో తాడు కనిపించదు. నలిగిన కోటుతో, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నట్టుగా తల కాస్త వంచి నిలబడిన ఒక మనిషి మాత్రమే అక్కడ ఉంటాడు. అయినా ఆయనను ఎరిగిన తరం ఆ విగ్రహాన్ని చూసి ఇంకెవరో అనుకోలేదు.

జనం ప్రేమించిన కళాకారుడి రూపశిల్పం చేయబోయేవారు మొదట గ్రహించవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. పోలిక అనేది టోపీలో, బూట్లలో, తాడులో ఉండదు. మెడ వంపులో, భుజాలు వాలిన తీరులో, పెదవి చివర పడే చిన్న గీతలో ఉంటుంది. కౌబాయ్ అనగానే మన ప్రేక్షకులకు 1971లో కృష్ణగారు తెరమీద పెట్టుకున్న టోపీ, ఎక్కిన గుర్రం గుర్తుకు వస్తాయి. ఆ టోపీని వేరొకరి తలమీద పెడితే ఆయన కాలేరు గదా. మట్టిలో చేసిన రూపానికి అచ్చు తీసి, అందులో మైనపు ప్రతి తీసి, ఆ మైనాన్ని కరిగించిన ఖాళీలో కంచు పోయడమే ఈ పని క్రమం. అందుచేత ఈ వ్యాసంలో ముఖం, నిలువు (అంటే నిలబడే తీరు), మైనం పని గురించి ఎక్కువగా, పోత గురించి తక్కువగా చెబుతాను. పోతపని ఎలాగూ ఫౌండ్రీలో అనుభవజ్ఞుల చేతుల్లోనే జరగాలి.

శిల్పం మొదలుపెట్టే ముందు మనిషిని చదవాలి. విల్ రోజర్స్ 1879 నవంబరు 4న, నేటి ఓక్లహోమాలోని ఊలగా దగ్గర, చెరోకీ వారసత్వం ఉన్న కుటుంబంలో పుట్టారు. పశువుల పాకల దగ్గర తాడు విసరడం నేర్చుకుని, దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ సర్కసు బృందాలతో తిరిగి, తరువాత న్యూయార్కు రంగస్థలానికి చేరుకున్నారు. తాడు తిప్పుతూ ఆ రోజు పత్రికల్లోని వార్తల మీద మెల్లగా మాటలు విసరడం ఆయన ప్రత్యేకత. పత్రికా రచన, రేడియో, డెబ్బైకి పైగా సినిమాలు ఆయనను ఇంటింటి మనిషిని చేశాయి. 1935 ఆగస్టు 15న అలాస్కాలో, వైలీ పోస్ట్ నడిపిన విమానం కూలి, ఇద్దరూ మరణించారు. ఈ వివరాలు శిల్పికి ఎందుకంటే, 1905లో పాతికేళ్ళ తాడు విన్యాసగాడూ 1935లో యాభై అయిదేళ్ళ ప్రజాప్రియుడూ ఒకే ముఖం ఉన్నవారు కారు. దవడ కింద చర్మం, కనుల చుట్టూ ముడతలు, జుట్టు, నిలబడే తీరు అన్నీ ముప్పై ఏళ్ళలో మారిపోతాయి. ఏ వయసు చేయాలో మొదటి రోజే తేల్చుకోకపోతే, ఇరవై ఫోటోల నుంచి ఇరవై వయసులు కలిసి ఎవరికీ చెందని ముఖం ఒకటి తయారవుతుంది.

కాబట్టి సేకరించిన ఛాయాచిత్రాలను సంవత్సరాల వారీగా విడదీసి, ఎంచుకున్న వయసుకు మూడు నాలుగేళ్ళు అటూ ఇటూ ఉన్నవాటిని మాత్రమే గోడకు అంటించుకోవాలి. వాటిలో తప్పనిసరిగా రెండు పక్కల నుంచి తీసినవి, ముప్పావు ముఖం కనిపించేవి, వెనుక నుంచి మెడ, చెవులు కనిపించేవి ఉండాలి. నేరుగా ఎదురుగా తీసిన అందమైన స్టూడియో ఫోటో శిల్పికి అన్నిటికంటే తక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే ముక్కు ఎంత ముందుకు వచ్చిందో, నుదురు ఎంత వెనక్కి వాలిందో అది చెప్పదు. మరీ దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయని, దూరం నుంచి తీసినదాంట్లో ముఖం చదునుగా కనిపిస్తుందని గుర్తుంచుకుని, కొలతలను దూరపు ఫోటోల నుంచే తీసుకోవాలి. విల్ రోజర్స్ విషయంలో మనకు దొరికే గొప్ప వరం సినిమా. 1922లో విడుదలైన ఆయన తాడు విన్యాసాల మూకీ చిత్రంలో కొన్ని దృశ్యాలు స్లో మోషన్‌లో ఉన్నాయి. తాడు వేస్తున్నప్పుడు నడుము, మోకాళ్ళు, మణికట్టు ఎలా కదులుతాయో అక్కడ ఒక్కొక్క ఫ్రేమూ ఆపి గీసుకోవచ్చు. శిల్పం వాడుకలో పెట్టే ముందు కుటుంబ వారసుల నుంచీ ఫోటోల హక్కుదారుల నుంచీ అనుమతి అవసరమేమో కూడా ఈ దశలోనే తెలుసుకోవాలి.

తరువాత ఒక అడుగు ఎత్తున్న చిన్న నమూనాలు కనీసం అయిదారు చేయాలి. వాటిలో ముక్కూ కళ్ళూ అవసరం లేదు. నిలువు మాత్రమే చూసుకోవాలి. బరువు ఏ కాలి మీద ఉంది, తుంటి ఎటు జరిగింది, భుజాల గీత దానికి ఎదురు దిశలో వాలిందా లేదా అన్న ఈ మూడు ప్రశ్నలకు నమూనా జవాబు చెబితే చాలు. గది ఆ మూల నుంచి చూసినప్పుడు, ముఖం లేని ఆ మట్టిబొమ్మను చూసి ఇంట్లోవాళ్ళు ఫలానా మనిషిలా ఉందని అనగలిగితే ఆ నమూనానే పెద్దది చేయాలి.

పరిమాణం విషయంలో చాలామంది పొరబడతారు. ఆరుబయట, దిమ్మె మీద నిలబెట్టిన నిలువెత్తు విగ్రహం, సరిగ్గా మనిషంత చేస్తే, మనిషికంటే చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే బయటి విగ్రహాలను ఒకటింపావు రెట్లు చేయడం మంచిది. గదిలో ఉంచే తల, భుజాల ప్రతిమకు అసలు పరిమాణమే సరిపోతుంది. మైనంలోనూ లోహంలోనూ జరిగే సంకోచం వల్ల చివరి కంచు మట్టి నమూనా కంటే సుమారు రెండు మూడు శాతం చిన్నదవుతుంది కాబట్టి, ఖచ్చితమైన కొలత కావలసినచోట ఆ మేరకు మట్టిని పెంచుకోవాలి. మొదటిసారి చేస్తున్నవారు తలతో మొదలుపెట్టడమే మేలని చెబుతాను. తల కుదిరితే దేహం దారికి వస్తుంది.

ప్రతిమకు లోపలి ఇనుప చట్రం, అంటే ఆర్మేచర్, దృఢంగా ఉండాలి. మందపాటి ప్లైవుడ్ పలక మీద ఇనుప గొట్టాన్ని నిలువుగా బిగించి, దాని పైన మెత్తని అల్యూమినియం తీగతో కోడిగుడ్డు ఆకారపు పంజరం కట్టాలి. ఆ పంజరం లోపల చిన్న చెక్కముక్కలను అడ్డంగా నిలువుగా కట్టి తీగతో వేలాడదీస్తే, పైన వేసిన బరువైన మట్టి కిందికి జారకుండా అవి పట్టి ఉంచుతాయి. తల ఒక పక్కకు వంచి చేయాలనుకుంటే, ఆ వంపు చట్రంలోనే ఉండాలి. నిటారు చట్రం మీద మట్టితో తలను వంచాలని చూసేవారు, మూడు వారాల తరువాత తీగ చెవి పక్క నుంచి బయటికి పొడుచుకు వచ్చినప్పుడు మళ్ళీ మొదటికి రావలసి ఉంటుంది.

ఇక మట్టి. నీటితో కలిపే బంకమట్టి వేగంగా మలుచుకోవడానికి ఎంతో బాగుంటుంది గాని, ప్రతి రాత్రీ తడిబట్ట, ప్లాస్టిక్ కప్పాలి. నెలల తరబడి సాగే రూపశిల్పానికి నూనె కలిసిన ప్లాస్టిసిన్ మట్టి అనుకూలం. అది ఎండదు, పగలదు. మొదట పుర్రెను కట్టాలి, ముఖాన్ని కాదు. కపాలం వెనుక భాగం, చెంప ఎముకలు, దవడ మూలలు, కంటి గుంతలు సరైన చోట కుదిరేదాకా ముక్కు పెట్టకూడదు. కాలిపర్లతో (రెండు కాళ్ళున్న కొలత పనిముట్టుతో) చెంపల మధ్య వెడల్పు, గడ్డం నుంచి కనుబొమదాకా ఎత్తు, చెవి రంధ్రం నుంచి ముక్కు కొనదాకా దూరం కొలిచి పక్క గోడ మీద రాసుకోవాలి. తిరుగుడు పీట మీద శిల్పాన్ని పది నిమిషాలకొకసారి తిప్పుతూ, పై నుంచి చూసి, నేలమీద కూర్చుని గడ్డం కింద నుంచి చూసి, అద్దంలో చూసి సరిచేయాలి. అద్దంలో చూసినప్పుడు, కంటికి అలవాటై కనిపించకుండా పోయిన వంకర వెంటనే బయటపడుతుంది.

విల్ రోజర్స్ ముఖంలో అసలు పరీక్ష నవ్వు. అది పెద్ద నవ్వు కాదు. ఒక వైపు ఎక్కువగా లేచే, కొంచెం సిగ్గు కలిసిన నవ్వు. పెదవులను మాత్రమే వంచి నవ్వు తెప్పించాలనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు. నవ్వినప్పుడు చెంప కండ పైకి లేస్తుంది, అది కింది కనురెప్పను నెడుతుంది, రెప్ప కింద ఒక చిన్న ఉబ్బు ఏర్పడుతుంది, ముక్కు పక్క నుంచి పెదవి చివరకు దిగే మడత లోతవుతుంది, కంటి చివర ముడతలు విచ్చుకుంటాయి. ఈ మొత్తం ఒక గొలుసు. ఒక సాయంత్రం అలాంటి ముఖం మీద పనిచేస్తూ, నవ్వు ఎందుకో వెక్కిరింతలా కనిపిస్తుంటే, పెదవి చివరను గంటసేపు పైకీ కిందికీ జరిపి విసిగిపోయాను. చివరికి పెదవిని వదిలేసి, ఎడమ కింది రెప్ప కింద గోధుమగింజంత మట్టిని బొటనవేలితో అద్దాను. పెదవిని ముట్టుకోకుండానే వెక్కిరింత పోయి ఆప్యాయత వచ్చింది. నవ్వు తప్పిందనిపించినప్పుడు ముందు కళ్ళ కింద వెతకండి.

ఆయన తల వంచి, కనుబొమల కింద నుంచి పైకి చూసేవారు. అలా చూసే మనిషి నుదుటి మీద అడ్డంగా ముడతలు లేస్తాయి, కనుపాప పై భాగం పై రెప్ప కిందికి పోతుంది, కింద తెల్లగుడ్డు కాస్త కనిపిస్తుంది. కంచుకు రంగు లేదు కనుక చూపును నీడతో చెప్పాలి. కనుపాపను లోతుగా తవ్వి, పైభాగంలో బియ్యపుగింజంత మట్టిని మిగిలిస్తే, ఆ గింజ వెలుగును పట్టుకుని కంటికి తడి మెరుపు తెస్తుంది. చుట్టూ ఉన్న గుంత నల్లటి పాపలా కనిపిస్తుంది. జుట్టును వెంట్రుకలుగా గీయకుండా ముద్దలుగా, ప్రవాహాలుగా కట్టాలి. నుదుటి మీద పడే ఆయన ముంగురులు పోలికకు ప్రాణం వంటివి గాని, అవి గాలిలో తేలినట్టు చేయకుండా నుదుటికి ఆనించి ఉంచాలి. లేకపోతే అచ్చు తీసేటప్పుడు ముందుగా విరిగేవి అవే.

ఇంత చెప్పిన తరువాత కూడా, విగ్రహం చేయించుకునేవారు టోపీ ఉండాలని కోరవచ్చు, అందులో తప్పు లేదు. అయితే టోపీ లేకుండా తల మొత్తం పూర్తిచేసి, తరువాతే విడిగా చేసిన టోపీని దాని మీద పెట్టాలి. టోపీతో పాటే తల చేస్తే కపాలం ఎప్పుడూ చిన్నదైపోతుంది. మధ్యాహ్నపు ఎండలో టోపీ అంచు నీడ కళ్ళను పూర్తిగా మింగేస్తుంది కనుక, టోపీని కాస్త వెనక్కి నెట్టి, ముంగురులు కనిపించేలా ఉంచడం మేలు. అంచు మందం కనీసం 5 మిల్లీమీటర్లు ఉంటేనే లోహం చివరిదాకా పారుతుంది. మరొక సంగతి చాలామందికి తట్టదు: టోపీ పైభాగంలోని సొట్టలో, పైకి మడిచిన అంచులో వాననీరు నిలుస్తుంది. ఆ మడతలకు వాలు ఇవ్వాలి, లేదా కనిపించని చోట సన్నని రంధ్రం వదలాలి.

తాడు ఇంకా కష్టం. గాలిలో తిరిగే ఉచ్చును ఆపి చూపడం శిల్పానికి సాధ్యమే గాని, దాని బరువంతా మణికట్టు దగ్గర ఒక్క బిందువు మీద పడుతుంది, ఆపై పిల్లలు దానికి వేలాడతారు. నా సలహా ఏమిటంటే తాడును చుట్టలుగా చేసి తొడకు ఆనించడం, లేదా ఉచ్చు ఒక అంచు నేలను గాని కాలిని గాని తాకేలా కూర్చడం. అసలైన నూలు తాడునే అచ్చు తీసి మైనంలో పోస్తే ఆ పేట పురి సహజంగా వస్తుంది. తప్పనిసరిగా గాలిలో ఉండవలసిన భాగానికి లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ అవసరం. టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఉన్న ఎలక్ట్రా వాగనర్ బిగ్స్ శిల్పం కూడా చూడదగినది. అందులో రోజర్స్ తన గుర్రం సోప్‌సడ్స్ మీద సాగుతూ కనిపిస్తారు, కౌబాయ్‌ని చెప్పేది అక్కడ గుర్రమూ సవారీ తీరూను.

మట్టి పూర్తయ్యాక ఒక వారం దాన్ని కప్పి పక్కన పెట్టి, మళ్ళీ కొత్త కళ్ళతో చూసి, అప్పుడు అచ్చుకు వెళ్ళాలి. పలుచని రేకుముక్కలను చెవుల వెనుకగా గుచ్చి శిల్పాన్ని ముందు, వెనుక భాగాలుగా విడదీసి, సిలికోన్ రబ్బరును మూడు నాలుగు పూతలుగా వేయాలి. మొదటి పూత పలుచగా, ప్రతి ముడతలోకీ దిగేలా, గాలి బుడగ లేకుండా ఉండాలి. ఆపైన ప్లాస్టర్‌తో గాని ఫైబర్‌తో గాని గట్టి కవచం వేయాలి. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. ఒకసారి దుకాణంలో దొరికిన ప్లాస్టిసిన్‌లో గంధకం ఉందని తెలుసుకోకుండా, ప్లాటినంతో గట్టిపడే రకం సిలికోన్ పూశాను. రెండు రోజులు గడిచినా మట్టిని తాకిన రబ్బరు పొర జిగురుగానే ఉండిపోయింది, ముఖాన్ని తుడిచి శుభ్రం చేసేసరికి రెండు నెలల చర్మపు పనితనం అంతా దానితో పోయింది. గంధకం లేని మట్టి వాడాలి, లేదా టిన్‌తో గట్టిపడే సిలికోన్ వాడాలి. ఏది వాడినా ముందుగా ఒక చిన్న ముద్ద మీద పరీక్షించాలి.

అచ్చులో మైనం పోసేటప్పుడు మొదటి పూతను వేడిగా, కుంచెతో వేసి, తరువాత కొంచెం చల్లారిన మైనాన్ని పోసి తిప్పి పారబోస్తూ సుమారు 5 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా పెంచాలి. కంచు మందం కూడా అదే అవుతుంది. మైనాన్ని కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే ఈ విధానం మన నేలకు కొత్తది కాదు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు డోక్రా బొమ్మలను ఇలాగే పోస్తారు. వారు మట్టిముద్ద మీద మైనపు తీగలను చుట్టి చేసే ప్రతి బొమ్మా ఒక్కటే, దానికి జంట ఉండదు. ఇక్కడ మాత్రం రబ్బరు అచ్చు మిగులుతుంది కాబట్టి, పోత చెడిపోయినా మరొక మైనం తీసుకోవచ్చు. డేవిడ్‌సన్ విగ్రహం కూడా వాషింగ్టన్‌లోనూ, ఓక్లహోమాలోని క్లేర్‌మోర్‌లో ఉన్న విల్ రోజర్స్ స్మారక భవనంలోనూ రెండుచోట్ల ఉంది.

మైనం దిద్దడాన్ని ఫౌండ్రీ పనివారికి వదిలిపెట్టకండి. అతుకు గీతలు చెరిపేటప్పుడు, బుడగలు పూడ్చేటప్పుడు వారు శుభ్రంగానే చేస్తారు. అయితే మీ బొటనవేలి ముద్రను కూడా మచ్చ అనుకుని నునుపు చేస్తారు. వేడిచేసిన చిన్న ఉక్కు పనిముట్టుతో, ఫోటోలు పక్కన పెట్టుకుని, రెప్ప అంచులనూ పెదవి మూలలనూ మీరే మళ్ళీ పదునుపెట్టాలి. మైనం మీద సంతకం చేసి, ఆ తరువాతే పోతకు అప్పగించాలి.

ఫౌండ్రీలో మైనానికి లోహం పారే కాలువలనూ గాలి పోయే గొట్టాలనూ అతికి, దానిని సిలికా ద్రావణంలో ముంచి సన్నని సిలికా ఇసుక చల్లుతూ, ప్రతి పూతా ఆరబెడుతూ, ఎనిమిది పది పూతలతో పింగాణీ వంటి గట్టి పెంకు కడతారు. కొలిమిలో మైనం కరిగి కారిపోయి, పెంకు కాలి గట్టిపడుతుంది. ఇప్పుడు శిల్పాలకు ఎక్కువగా వాడే సిలికాన్ కంచులో రాగి దాదాపు 95 శాతం, సిలికాన్ 4 శాతం, మాంగనీసు 1 శాతం ఉంటాయి. మూసలో అది సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, ఎర్రగా కాలిన పెంకులోకి ఒక్క ధారగా పోస్తారు. పెంకులో తడి ఏమాత్రం మిగిలినా ఆవిరై లోహాన్ని ఎగజిమ్ముతుంది; అందుకే ఈ పని ఇంటి పెరట్లో ఒంటరిగా చేయదగినది కాదు. మీరు తోలు ఏప్రాన్, ముఖకవచం ధరించి దూరంగా నిలబడి చూడండి.

చల్లారాక పెంకు పగలగొట్టి, కాలువలు కోసి, పెద్ద విగ్రహమైతే ముక్కలను అదే మిశ్రమపు కడ్డీతో వెల్డింగ్ చేస్తారు. గ్రైండరుతో అరగదీసిన అతుకు మీద చర్మపు ఆకృతి చదునైపోతుంది. చిన్న ఉలులతో దానిని మళ్ళీ కొట్టి పక్కనున్న ఉపరితలంతో కలపాలి. ముఖం మీద అతుకు రాకుండా ముక్కలు చేయించమని ముందే అడగడం తెలివైన పని.

రంగు, అంటే ప్యాటినా, లోహాన్ని మంటతో వేడిచేస్తూ రసాయనాలను పూయడం వల్ల వస్తుంది. లివర్ ఆఫ్ సల్ఫర్ నల్లటి గోధుమరంగు పునాది ఇస్తుంది; దానిని మడతల్లో ఉంచి పైభాగాలను రుద్ది తేల్చి, ఫెర్రిక్ నైట్రేటును పలుచగా చల్లితే తేనె, ఇటుక రంగుల మధ్య వెచ్చదనం వస్తుంది. ఆకుపచ్చనిచ్చే కుప్రిక్ నైట్రేటును ఎండకు కమిలిన కౌబాయ్ ముఖం మీద నేనైతే వాడను. ఈ ఆవిర్లు ప్రమాదకరం కాబట్టి సరైన మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. లోహం గోరువెచ్చగా ఉండగానే మైనపు పూత పూసి, చల్లారాక మెత్తని బట్టతో మెరుగు పెట్టాలి.

నిలబెట్టేటప్పుడు పాదాల లోపల వెల్డింగ్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలను గ్రానైటు దిమ్మెలోని రంధ్రాల్లో ఎపాక్సీతో బిగిస్తారు, లోపల చేరే తేమ బయటకు పోవడానికి అడుగున ఒక రంధ్రం వదులుతారు. విల్ రోజర్స్ వంటి మనిషికి ఎత్తైన దిమ్మె తగదు. తల వంచి వినే ఆ భంగిమ చూసేవారి కంటికి అందాలంటే, దిమ్మె మోకాలి ఎత్తు దాటకూడదు. ఏడాదికొకసారి తేలికపాటి సబ్బునీటితో కడిగి, ఆరాక మళ్ళీ మైనం పూయాలి.

జనం చేయి ఎక్కడ పడుతుందో ముందే ఆలోచించి, అక్కడ లోహాన్ని కాస్త మందంగా, అంచులను గుండ్రంగా ఉంచాలి. వాషింగ్టన్ విగ్రహపు బూటు మొనను అదృష్టం కోసం తాకి తాకి, మిగతా కంచు ముదురుగా ఉండగా అది మాత్రం పసిడిలా మెరుస్తుంది. మీ విగ్రహం మీద కూడా కొన్నేళ్ళకు అలాంటి మెరుపు కనిపిస్తే, శుభ్రం చేసేటప్పుడు దానిమీద తిరిగి ప్యాటినా వేయకండి. మిగతా విగ్రహానికి పూసిన మైనమే అక్కడ కూడా పూసి, అలాగే ఉంచండి.